హోల్డ్ పెట్టిన ప్యాకేజీ

మా బావకు కొత్తదంటే ఒళ్ళుమంట. ఆసుపత్రి కంప్యూటర్ గదిలో నాకు పై అధికారి, ఇంట్లో మా అక్క మొగుడు. రెండుచోట్లా ఆయన మాటే చెల్లాలి. గదిలోవాళ్ళు చాటుగా ‘స్తంభం’ అనేవాళ్ళు. నేనైతే మొహం మీదే అనేదాన్ని.

ఆసుపత్రి సర్వర్లన్నింటిలో ఆయన పెట్టింది డెబియన్ స్టేబుల్. ఇంట్లో నా కంప్యూటర్‌లో ఉన్నది ఆర్చ్. రెండూ కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌లో రకాలే కానీ నడక వేరు. ఆర్చ్‌లో ఏ ప్రోగ్రాముకైనా కొత్త వెర్షన్ రాగానే కాస్త పరీక్షించి మన చేతిలో పెట్టేస్తారు. డెబియన్‌వాళ్ళు అన్నీ పోగుచేసి, అక్కడికి ఆపి, నెలల తరబడి పరీక్షించి, ఏ రెండేళ్ళకో విడుదల చేస్తారు.

“నీది మొన్నటి వంట, బావా,” అనేదాన్ని.

“నీది ఇంకా పొయ్యి మీదే ఉంది. ఇంతకీ పొద్దున లేచిందా నీ కంప్యూటర్?”

ఒక్కోసారి లేచేది కాదు. అప్‌డేట్ చేసిన మర్నాడు నల్లటి తెర ముందు తల పట్టుకుని కూర్చుంటే, మంచం మీంచి అక్క ఓపిక లేకపోయినా నవ్వేది.

నిజానికి నాకు పాఠం చెప్పిందీ ఆయనే. “స్టేబుల్ అంటే ఏదీ మారదని కాదే. వెర్షన్ నంబరు పాతదే ఉంటుంది. లోపల చిల్లు కనబడితే మాత్రం ఎప్పటికప్పుడు అతుకు వేస్తారు. ఆ అతుకులు మానేస్తే అది స్టేబుల్ కాదు, వట్టి పాతది.”

అక్కకు రెండు కిడ్నీలూ పోయాయి. డయాలసిస్ మీద బతుకుతోంది. సరిపోయే కిడ్నీ దొరికితే, అవయవాలు కేటాయించే కేంద్రం నుంచి ఆసుపత్రి మెయిల్ సర్వర్‌కు కబురొస్తుంది. అక్కడినుంచి డాక్టరుకు, బావ ఫోన్‌కు. గంటలోగా జవాబివ్వకపోతే తర్వాతివాళ్ళకు ఇచ్చేస్తారు. అందుకే గుమ్మం పక్కన అక్క బట్టల సంచి ఎప్పుడూ సర్దే ఉండేది.

ఒకసారి ఆ మెయిల్ ప్రోగ్రాముకు వచ్చిన అతుకే బెడిసికొట్టింది. కేంద్రం పంపిన పరీక్ష సందేశం చేరలేదు. బావ వెంటనే పాత వెర్షన్ వెనక్కి తెచ్చి, దానికి హోల్డ్ పెట్టాడు. అంటే ఇక ఏ అప్‌డేట్ వచ్చినా ఆ ఒక్క ప్యాకేజీని కదిలించవద్దని.

“మరి ముందు ముందు వచ్చే అతుకులో?” అన్నాను.

“మీ అక్క కబురు దీంట్లోంచే రావాలి. దాని జోలికెళ్ళకు.”

నాకు ముక్కు మీదే కోపం. ఆయన పాఠం ఆయనకే అప్పజెప్పాను. చెవిన వేసుకోలేదు. ఆ తర్వాత అప్‌డేట్ చేసినప్పుడల్లా ఒక ప్యాకేజీని ఆపి ఉంచామని తెర మీద ఒక వరుస కనబడేది. కనబడీ కనబడీ అది కంటికి ఆనడం మానేసింది.

కంప్యూటర్ దొంగలు అతుకు పడని ఆ ప్రోగ్రాము చిల్లులోంచే దూరారు. ఒక పొద్దున ఆసుపత్రిలో ఫైళ్ళన్నీ తాళం పడి ఉన్నాయి. ఫోన్లూ ఆ నెట్‌వర్క్ మీదే నడిచేవి కాబట్టి అవీ మూగబోయాయి. నర్సులు కాగితాలు పట్టుకుని మెట్ల మీద పరుగులు. బావ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా బ్యాకప్‌లోంచి సర్వర్‌ను నిలబెట్టాడు.

దారి తెరుచుకోగానే, అంతదాకా బయట ఆగిపోయిన మెయిళ్ళు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. వాటిలో కేంద్రం నుంచి రెండు. అక్కకు సరిపోయే కిడ్నీ ఉందని ఒకటి. జవాబు రానందున తర్వాతివారికి ఇచ్చామని రెండోది.

నాకు ఆయన గొంతు పిసికేయాలనిపించింది. ఏడుస్తున్న మనిషిని ఏం చేస్తాం?

అక్కకు ఆయనే చెప్పాడు, ఏదీ దాచకుండా. “పోనీలెండి, ఎవరో ఒకరు బతికారుగా,” అని అక్క గోడవైపు తిరిగి పడుకుంది. వానలు వెనకబట్టకముందే పోయింది.

బావ మళ్ళీ పనిలోకి వచ్చాడు. హోల్డ్ తీసేశాడు, అతుకులన్నీ వేశాడు. ఎదురుచూసేవాళ్ళ జాబితాలోంచి అక్క పేరు తీయమని డాక్టరు రెండుసార్లు చెప్పి పంపాడు. తీస్తానన్నాడు. ఇంట్లో ఆ సంచి గుమ్మం పక్కనే ఉంది. తీయబోతే, “దాని జోలికెళ్ళకు,” అన్నాడు.

ఒక మధ్యాహ్నం సర్వర్ గదిలో ఆయన ఫోన్ మోగింది. చూసి బల్ల మీద పెట్టి, దానివంకే చూస్తూ కూర్చున్నాడు. వంగి చదివాను. అక్క పేరు. సరిపోయే కిడ్నీ ఉంది, గంటలోగా జవాబివ్వండి.

“జవాబివ్వు, బావా. ఎవరింట్లోనో సంచి సర్దుకుని కూర్చుని ఉంటారు.”

ఆయన చెయ్యి కదల్లేదు. నేనే ఫోన్ లాక్కుని ‘వద్దు’ నొక్కాను. కళ్ళు మసకబారి, నొక్కింది సరిగ్గా పడిందో లేదో రెండోసారి చూసుకున్నాను.

“చూశావా,” అన్నాడు బావ, “ఈసారి ఎక్కడా ఆగకుండా వచ్చింది.”