ఐదు గుంతలు

జేసీబీ వచ్చేసరికి తేన్మొళి మూడో గుంతలో ఎండాకులు పరుస్తోంది.

"పైకి రా పాపా, మట్టి పడుతుంది," అన్నాడు సూపర్‌వైజర్ సెంతిల్.

ఆమె గట్టెక్కిందో లేదో ఇనుప తొట్టి మట్టిని లోపలికి తోసేసింది. పావుగంటలో ఐదు ఎరువు గుంతలూ పూడిపోయాయి. కాలనీ పిల్లలు పన్నెండుమంది కాలేజీల నుంచి, వర్క్‌షాపుల నుంచి వచ్చాక రెండు నెలలపాటు తవ్విన గుంతలవి.

"రేపటి నుంచి లోడంతా ఇక్కడే దిగుతుంది. తడి, పొడి అని ఏరుకుంటూ కూర్చోవడానికి కాంట్రాక్టరుకు తీరిక లేదు," అన్నాడు సెంతిల్.

కోయంబత్తూరు చివర, మేట్టుపాళయం రోడ్డు పక్కన ఉన్న ఆ కాలనీలో ఇంటికొకరు చెత్తబండి తోలతారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నిరుడు వేసవిలో కాలనీ వెనక పోసిన కలగలుపు చెత్త ఎండకు అంటుకుని నాలుగు రోజులు కాలింది. మూడో రోజు తేన్మొళి చెల్లెలు రాసాత్తికి ఊపిరి ఆడలేదు. ఆరో తరగతి చదివేది. బడి తెరిచాక హాజరు పట్టీలో ఆ పేరు లేదు.

ఆ తరువాతే పిల్లలు గుంతలు తవ్వారు. తడి చెత్త ఎరువైతే కుప్ప పెరగదు. కుప్ప పెరగకపోతే మంట ఉండదు.

మర్నాడు తెల్లవారుతుండగా తల్లి పేచ్చియమ్మాళ్ నీళ్ళు పోసుకుంటుంటే, తేన్మొళి ఆమె చీర కొంగు ముడి విప్పి బండి తాళం తీసుకుంది. మరో ఐదిళ్ళలో పిల్లలు అదే చేశారు. బళ్ళు కదలకపోతే లారీ నిండదు, చెత్త దిగదనుకున్నారు. కాంట్రాక్టరు మారు తాళాలతో బయటి మనుషులను పంపాడు. మధ్యాహ్నానికి పూడ్చిన గుంతల మీద మొదటి లారీ లోడు దిగింది. ఆరుగురు తల్లులకు గైరుహాజరు పడింది. ఇంకోసారి ఇలా జరిగితే పని ఉండదన్నారు.

సాయంత్రం నీళ్ళ ట్యాంకు దగ్గర కాలనీ కూడింది.

"నా కొంగులో తాళం తీసి పోరాటం చేసినావా?" అంది పేచ్చియమ్మాళ్. "ఎవర్ని ఆపినావే? నన్నే కదా ఆపినావు!"

"నువ్వు పోసిన కుప్పే కదమ్మా కాలింది?"

అనకూడని మాట. అన్న తరువాత తేన్మొళికే తెలిసింది.

"అవును," అంది తల్లి కుడిచెయ్యి చాచి. "ఈ చేత్తోనే పోసినాను. కలుపు అన్నారు, కలిపినాను. వేలై పోతుందని, పని పోతుందని భయం."

చీపురు పట్టి ముప్పై ఏళ్ళు వీధులూడ్చిన ముసలి ఆరాయి గొంతు సవరించుకుంది. "బండి నిలిస్తే వాడికేమి కష్టం? ఇంకొకడు తోలతాడు. బండి ఒళుంగా, రూలు ప్రకారం నడిస్తేనే వాడికి కడుపుమంట."

"ఎట్ల అవ్వా?" అన్నాడు వర్క్‌షాపులో లేత్ పనిచేసే జెబరాజ్.

పేచ్చియమ్మాళ్ మెడలోని కార్డు పైకెత్తింది. "ట్రైనింగులో ఏమి చెప్పినారు? తడి వేరు, పొడి వేరు. అచ్చేసి మెడలో తగిలించినారు. రేపు నేను సంతకం పెడతాను, బండి తోలతాను. కలిపేది లేదు. లారీలో పోసేది లేదు. తడి గుంతలోనే దింపుతాను."

"గుంత ఎక్కడుండాది అత్తా?"

"తవ్వండి. లేత్ తిప్పే చేతికి పార బరువా?"

జనం నవ్వారు. తేన్మొళి నవ్వలేకపోయింది. మర్నాడు పొద్దున్నే పార పట్టుకుని అందరికంటే ముందు వచ్చింది.

తొమ్మిదింటికి పద్దెనిమిది బళ్ళు తిరిగొచ్చాయి. నోరు తెరుచుకుని నిలబడ్డ లారీని దాటుకుని, వరుసగా కొత్త గుంతల దారి పట్టాయి. సెంతిల్ అరిచాడు, బతిమాలాడు, చివరికి ఫోను తీశాడు. అరగంటలో పోలీసులు వచ్చారు. అనుమతి లేని తవ్వకమంటూ తేన్మొళినీ జెబరాజ్‌నూ వ్యాను ఎక్కించారు. వ్యాను కదలలేదు. సందు పొడుగునా బళ్ళే.

"బండి తియ్యి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"డ్యూటీలో ఉండాను సార్," అంది పేచ్చియమ్మాళ్. "దింపకుండా తీస్తే మా సూపర్‌వైజర్ అయ్య కోప్పడతాడు."

"ఎంతసేపు?"

"చేత్తో కదా సార్."

ఆమె ఒక అరటితొక్క తీసి గుంతలో వేసింది. తరువాత ఇంకొకటి. వెనక బళ్ళలో ఆడవాళ్ళూ ఒక్కొక్క తొక్కే, ఒక్కొక్క ఆకే తీయసాగారు. మిగతా పిల్లలు తవ్వుతూనే ఉన్నారు. ఎండ ఎక్కింది. మాట పక్క వార్డులకు పాకింది.

వ్యాను జాలీలోంచి తేన్మొళి చూస్తూనే ఉంది. రోడ్డు మలుపులో మరికొన్ని పచ్చరంగు చెత్తబళ్ళు కనిపించాయి. తమ కాలనీవి కావు. ముందు బండి తోలుతున్న ఆమె ఎవరో తేన్మొళికి తెలియదు. ఆమె పోలీసులను చూసింది, వ్యానులోని ఇద్దరినీ చూసింది. దిగి, కొంగు నడుముకు బిగించి, అందరికీ వినపడేలా పేచ్చియమ్మాళ్‌ను అడిగింది.

"తడి ఎక్కడ పోయాలక్కా?"