చిప్పలో నీళ్ళు

పన్నెండు దాటింది. తమిళనాట పొల్లాచ్చి దారిలోని ఒక కళ్ళంలో, ఎండకు పరిచిన కొబ్బరిని నాచ్చియార్, వీరాయి ఎదురెదురుగా కూర్చుని తిరగేస్తున్నారు. ఆదివారమైనా పని ఆగదు. ఆడకూలి నాలుగువందలు. మూడింటికి పక్క తోపులోని పంపుసెట్టు తొట్టిలో ఇద్దరికీ బాప్టిజం. పనయ్యేదాకా లేవడానికి లేదు.

"నువ్వు మునిగితే తొట్టిలో నీళ్ళన్నీ బయటికే అమ్మణీ," అంది వీరాయి. "నాకు నాలుగు చెంబులన్నా మిగలనీ."

"నోరు మూసుకోని పని చూడే," అని నాచ్చియార్ నవ్వింది.

టీ వచ్చింది. నాచ్చియార్‌కు స్టీలు గ్లాసు. వీరాయి తన టెంకాయ చిప్పను కొంగుతో తుడిచి పట్టుకుంది. టీ ఎత్తునుంచి పోశారు. ఇద్దరి ఇళ్ళలోనూ మాట తెలుగే. అయినా పదకొండేళ్ళుగా ఇంతే. నాచ్చియార్‌కు చిన్నాయన వరసయ్యే కళ్ళం యజమాని చెన్నకేశవన్ యేసును నమ్మి, తోపులో ప్రార్థన మందిరం కట్టించి నాలుగేళ్ళయింది. గ్లాసూ మారలేదు, చిప్పా మారలేదు.

పోయిన ఐప్పసి నెల వానల్లో, కొబ్బరి ఆరబెట్టే పొగగదిలో నాచ్చియార్ స్పృహ తప్పింది. వీరాయి ఈడ్చుకొచ్చి, తల ఒళ్ళో పెట్టుకుని, "యేసయ్యా, ఈమెని వదలొద్దు" అంటూ తన చిప్పతోనే నీళ్ళు పట్టింది. కళ్ళు తెరిచేసరికి చిప్ప పెదవుల దగ్గరే ఉంది. నాచ్చియార్ తోసెయ్యలేదు. ఆఖరి చుక్క దాకా తాగింది. ఆ రాత్రే మొదటిసారి మోకాళ్ళూనింది. యేసును నమ్మానని అందరికీ చెప్పింది. ఏ చిప్పలో తాగిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మూడింటికి తొట్టి నిండింది. మరో నాలుగిళ్ళ వాళ్ళు కొత్తబట్టలతో వచ్చారు. చెన్నకేశవన్ గట్టెక్కి నిలబడ్డాడు.

"ముందు మన ఇండ్లవాండ్లు దిగండి. వీరాయికి ఆఖర్న, కింది కాలువలో."

పాస్టరు జెబరాజ్ చేతిలోని పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయాడు. అతను ఉంటున్న ఇల్లు చెన్నకేశవన్‌దే.

వీరాయి కాలువ వైపు నడిచింది. నాచ్చియార్ ఆమె చెయ్యి పట్టి ఆపి, చెన్నకేశవన్ వైపు తిరిగింది.

"కాలువలో యాల చిన్నాయనా?"

"మనం ఈ ఊర్లో బతకాల గదా పాపా. మన సొందక్కారులు, చుట్టాలు ఏమంటారు? సామి వేరే, ఊరు వేరే."

"నేను ఒప్పుకోను."

"పైత్యమా నీకు? రేపు పనికి రావాలని ఉండాదా లేదా?"

"వేణాం, వద్దు అమ్మణీ," వీరాయి గొణిగింది. "నాకు కాలువే చాలు."

నాచ్చియార్ వీరాయి సంచిలోంచి చిప్ప తీసి తొట్టిలో ముంచింది. గట్టు మీది ఆడవాళ్ళు "అయ్యయ్యో" అన్నారు.

"ఐప్పసిలో దీంట్లోనే తాగినా చిన్నాయనా, ఈమె చేత్తో. ఇన్నాళ్ళూ సిగ్గుపడి దాచినా. యేసు నాకు అగుపించింది మీ మందిరంలో కాదు, దీంట్లో. ఆ పొద్దే నేను పుట్టినా."

చెన్నకేశవన్ వెళ్ళి మోటారు ఆపేశాడు. నీళ్ళు పడే చప్పుడు ఆగిపోయింది.

నాచ్చియార్ చిప్పను పాస్టరు ముందుకు చాచింది. "మీ తొట్టి మాకొద్దయ్యా. దీంతో పోయండి. ముందు ఆమెకి, వెనక నాకు."

జెబరాజ్ చెన్నకేశవన్ వైపు చూశాడు. చిప్ప వైపు చూశాడు. అతని చేతులు పుస్తకం మీదే ఉన్నాయి.

చిప్ప నిండా నీళ్ళు. పొద్దుటినుంచి కొబ్బరి తిరగేసిన చెయ్యి. అది కిందికి దిగలేదు.