బాజీ ఎడమచేతి బరువు

నేను ఒక కాటాను. గడియారం లాంటి మొహం, దాని మీద తిరిగే ముల్లు, కింద ఇనప పీట. రాజమండ్రి దగ్గర ఒక పోత కార్ఖానాలో పుట్టాను. నన్ను బిగించిన మేస్త్రీ అందరికన్నా ముందు తన మనవరాలిని నా మీద నిలబెట్టాడు. పదకొండు కిలోలు. అంత మంచి బరువును నేను మళ్లీ మోయలేదు.

తర్వాత ఇరవై ఏళ్లు గుంటూరులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు మోశాను. అక్కడి గుమాస్తా మాట భలే తీయన. రైతు దగ్గర కొనేటప్పుడు కబుర్లు చెబుతూనే బొటనవేలితో నా అంచును పైకి లేపేవాడు. అమ్మేటప్పుడు అదే వేలితో కిందికి నొక్కేవాడు. అలా మీద నిలబడిన బరువేదో, పక్కనుంచి దొంగతనంగా ఆనే బరువేదో నాకు బాగా తెలిసొచ్చింది.

ఆ కొట్టు మూతపడ్డాక కబడ్డీ కోచ్ పరిశుద్ధరావు నన్ను తెచ్చుకున్నాడు. ఏటా మామిడి పూతకొచ్చే రోజుల్లో, తెనాలి దగ్గర ఒక హైస్కూలు మైదానంలో తన జట్టుకి నెల్లాళ్ల శిబిరం. పాతికమంది వస్తే పన్నెండుమంది మిగులుతారు. ఎనభై అయిదు కిలోలు దాటినవాణ్ణి పోటీల్లో ఆడనివ్వరు. అందుకని రోజూ పొద్దున్నే అందరూ నా మీదకి ఎక్కాల్సిందే. కుర్రాళ్లు గెంతి ఎక్కేవాళ్లు. పాతవాళ్లు ఊపిరి బిగబట్టి ఎక్కేవాళ్లు, ఊపిరి కూడా తూగుతుందేమోనని.

ఆ జట్టుకో ఆనవాయితీ ఉంది. కూతకొచ్చినవాణ్ణి పట్టడానికి బరిలో ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని నిలబడతారు కదా, ఆ జోడీ తూకం దగ్గర కూడా విడిపోకూడదు. ఒకడు నా మీదకి ఎక్కితే రెండోవాడు కింద నిలబడి చెయ్యి పట్టుకుంటాడు. కోచ్ "వదులు!" అన్నాకే వదలాలి. అప్పుడే ముల్లు చూస్తారు.

బరిలో మూలన ఆడే బాజీ చేతిని పదహారేళ్లు మస్తానయ్యే పట్టుకున్నాడు. కిందటి శ్రావణంలో గుండె ఆగి మస్తానయ్య పోయాడు. ఈ ఏడు బాజీ ఒక్కడే వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లు, మోకాలికి పట్టీ. నా మీదకి ఎక్కి, అలవాటు కొద్దీ ఎడమచెయ్యి పక్కకి చాపాడు.

ఆ చేతిని ఎవరో పట్టుకున్నారు.

నా ముల్లు ఎనభై అయిదున్నర దగ్గర ఆగింది. అందులో అరకిలో బాజీది కాదు.

"ఎవర్రా వేలు పెట్టింది?" అంటూ కోచ్ వంగి చూశాడు. నా చుట్టుపక్కల ఎవరి కాలూ లేదు.

బాజీ రాత్రి తిండి మానేశాడు. గొంగళి కప్పుకుని ఎండలో పరిగెత్తాడు. బుగ్గలు పీక్కుపోయాయి. అయినా ముల్లు కదల్లేదు. వాడు తగ్గినదంతా ఆ చేతికి చేరుతోంది.

"బాజన్నా, రాత్రి కలలో బిర్యానీ తిన్నావా? అదీ తూగుతోంది!" అని కుర్రాళ్లు నవ్వేవాళ్లు.

ఏలియా మాత్రం నవ్వేవాడు కాదు. పందొమ్మిదేళ్లవాడు, చీలమండ దొరికితే పీతలా పట్టేస్తాడు. పదకొండు పేర్లు ఖాయమయ్యాక పన్నెండోది బాజీదా, ఏలియాదా అన్నదే మిగిలింది.

ఆఖరి రోజు కోచ్ తేల్చేశాడు. "ఇవాళ కూడా దాటిందంటే ఏలియా పేరే రాస్తాను బాజీ. మళ్లీ నన్ననొద్దు."

బాజీ ఎక్కి చెయ్యి చాపాడు. వెనక వరసలో ఉన్న ఏలియా అది చూశాడు. ఎవరూ చెప్పకుండానే ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, నీ చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది?" అన్నాడేగాని వదల్లేదు.

జోడీ కనబడగానే కోచ్‌కి అలవాటైన మాట నోటికొచ్చింది. "వదులు!"

ఏలియా వదిలాడు. వాడితోపాటు ఇంకొకరూ వదిలారు.

ముల్లు ఎనభై ఒకటికి పడిపోయింది.

కోచ్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "నాలుగున్నర కిలోలు ఎటు పోయాయిరా?"

బాజీ తన అరచేతిని చూసుకున్నాడు. తర్వాత మెల్లగా దిగాడు.

"పన్నెండో పేరు వీడిది రాయండి సార్."

"నెల్లాళ్లు పస్తులుండి, తూకం సరిపోయాక ఇదేం మాటరా?"

"ఇన్నాళ్లూ పక్కన మస్తానుగాడు ఉన్నాడనే బరిలోకి దిగాను సార్. పాపం, వదలమని వాడికెవరూ చెప్పలేదు. ఇవాళ మీరు చెప్పారు."

ఏలియా ఏదో అనబోయాడు.

"నోర్మూసుకుని బరిలో నా మూలన నిలబడరా," అన్నాడు బాజీ. "కుడికాలు ముందు పెట్టావో, విరగ్గొడతారు."

అందరూ బరివైపు వెళ్లిపోయారు. నా పీట మీద ఎవరూ లేరు. అయినా నా ముల్లు సున్నాకి రాలేదు. నాలుగున్నర దగ్గర ఆగిపోయింది.

మర్నాడు కోచ్ నన్ను రెండు తన్నులు తన్ని, స్ప్రింగు పోయిందని తేల్చాడు. మనుషులంతే, తమకి అర్థంకాని బరువునల్లా యంత్రం మీదకి నెట్టేస్తారు. నన్ను పాత ఇనప సామాన్ల కొట్టుకి ఇచ్చేశారు.

ఇప్పుడు నా పైన విరిగిన నాగళ్లు, కింద సైకిలు చట్రాలు. మధ్యాహ్నానికి ఇక్కడి ఇనుమంతా చెయ్యి పెట్టలేనంతగా కాగిపోతుంది. నా పీట అంచున ఒక్కచోట మాత్రం, ఎవరో పట్టుకున్నట్టు నాలుగు వేళ్ల మేర, చల్లగా ఉంటుంది.