బొంజూరు ఏ జిల్లా?

శనివారం పొద్దున్న యీషున్ ఫ్లాట్ల వరండాలోకి ఎండ రాగానే సత్యవాణి బట్టలారేయడం మొదలుపెట్టింది. ఆమె నీడ టోపీ పెట్టుకుని గోడ మీద నిలబడింది. సత్యవాణికి టోపీ లేదు, ఉన్నది నూనె రాసి బిగించిన జడే. నీడకి మాత్రం పుట్టినప్పట్నుంచీ టోపీయే. వెడల్పాటి అంచు, పైన ఓ ఈక. పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీ మిరపకాయలు ఎండబోస్తూ, "నీ టోపీ నా మిరపకాయల మీద పడుతోంది, కాస్త జరుగు," అంది. సత్యవాణి జరిగింది.

వాళ్ళ ఇంటిపేరున్న అందరి నీడలకీ ఆ టోపీ ఉండేది. అక్కకీ ఉండేది గానీ, పెళ్ళయి ఇంటిపేరు మారగానే అది మెట్టినింటి గడప దాటి లోపలికి పోలేదు. ఇప్పుడు అక్క లేదు. అక్క కూతురు కల్పనా, మనవరాలు అనన్యా సత్యవాణి ఫ్లాట్లోనే ఉంటున్నారు. ఆ ఇంటిపేరుతో మిగిలింది సత్యవాణి ఒక్కతే.

ఆ ఇంటిపేరు బొంజూరు. మన తెలుగువాళ్ళ సంగతి తెలిసిందేగా! ఇంటిపేరు చివర ఊరు కనబడితే చాలు, అదెక్కడో ఉందని బస్సెక్కేస్తాం. సత్యవాణి తాత ఎక్కాడు, తండ్రి ఎక్కాడు. "బొమ్మూరు అయ్యుంటుందిలే, ఎవడో తప్పు రాసుంటాడు," అని ఎవరో అంటే సత్యవాణి రాజమండ్రి దిగి ఆ బొమ్మూరూ వెళ్ళి, మజ్జిగ తాగి తిరిగొచ్చింది. ఏ జిల్లాలోనూ బొంజూరు లేదు. వయసులో ఉండగా వచ్చిన రెండు సంబంధాలూ "ఊరూ పేరూ లేని వంశం" అని కాఫీ కూడా తాగకుండా లేచిపోయాయి. నీడకి టోపీ ఉందని మాత్రం పాపం ఎవరూ ఒక్క మాట అనలేదు. ఊరు దొరికేదాకా పెళ్ళి మాటెత్తనని సత్యవాణి అప్పుడే ఒట్టేసుకుంది.

ఇప్పుడామెకి యాభై రెండు. సెరంగూన్ రోడ్డులో ఓ కొట్లో జాకెట్లు కుడుతుంది. ఓడల యార్డులో సూపర్‌వైజరు పరంధామయ్య ఆ కొట్టుకి చొక్కా గుండీ కుట్టించుకోవడానికి వచ్చాడు. తాళ్ళరేవు మనిషి, భార్య పోయి పదేళ్ళు. ఆ గుండీ తర్వాత మూడేళ్ళపాటు ఆదివారం ఆదివారం ఏదో ఒక గుండీ తెంపుకొచ్చాడు. మొన్న ఉగాదికి ధైర్యం చేసి అడిగేశాడు. "మా ఊరు దొరకనివ్వండి," అంది సత్యవాణి. అన్నదే గానీ, అప్పట్నుంచీ ఆమెకి తిండి సయించడం లేదు. ఆయన కాంట్రాక్టు అయిపోయింది. రేపే ఊరికి తిరుగు విమానం.

ఇంతలో అనన్య బయటికొచ్చింది. పదమూడేళ్ళ పిల్ల. బళ్ళో మూడో భాషగా ఫ్రెంచి తీసుకుంది, సోమవారం మాట్లాడే పరీక్ష. గొంతు సవరించుకుని గట్టిగా, "బోంజూర్, మదాం!" అంది.

"ఏంటే, చిన్నంతరం పెద్దంతరం లేకుండా నన్నే ఇంటిపేరు పెట్టి పిలుస్తున్నావ్?"

"అయ్యో చిన్నమ్మమ్మా, ఇంటిపేరు కాదు లా!" అంది అనన్య, ఇక్కడి పిల్లలందరిలా మాట చివర 'లా' తగిలించి. "ఫ్రెంచ్‌లో గుడ్ మార్నింగ్!"

గోడ మీద నీడ టోపీ తీసింది. నడుం దాకా వంగి, లేచి, మళ్ళీ పెట్టుకుంది. యాభై రెండేళ్ళలో అది టోపీ తీయడం ఇదే మొదలు. సత్యవాణి చేతిలో తడి దుప్పటి జారి బకెట్లో పడింది.

"మళ్ళీ అనవే!"

"బోంజూర్!"

నీడ మళ్ళీ టోపీ తీసింది.

"ఓరి నాయనో! ఊరు కాదే, పలకరింపే ఇది! మా నాన్న చెప్పులరగదీసింది ఓ గుడ్ మార్నింగు కోసమా!" సత్యవాణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "అడగవే, ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చాడో అడుగు. తొందరగా!"

అనన్య గబగబా పుస్తకం తిరగేసి, నాలుగో పాఠంలోంచి మీది ఏ ఊరని అడిగింది. నీడ తాడు పట్టుకుని ఓడ దిగినట్టు గోడ మీంచి కిందికి జారింది. దిగి, టోపీ చేతపట్టుకుని, ఎదురొచ్చినవాళ్ళనల్లా వంగి వంగి పలకరించింది. అవతల పలికే నాథుడు లేడు. అప్పుడు వరండా చివర్నుంచి ఇంకో నీడ వచ్చింది. చీర గోచీ పోసి కట్టి, నెత్తిన చేపల తట్ట పెట్టుకున్న ఆడమనిషి. తట్ట దించింది, అతని మొహంలోకి ఓసారి చూసింది, రెక్క పుచ్చుకుని ఇంటివైపు లాక్కుపోయింది. చైనీస్ ఆంటీ మిరపకాయల పళ్ళెం జరిపి వాళ్ళకి దారిచ్చింది.

"యానాం రేవే అయ్యుంటుంది," అంది సత్యవాణి. ఫ్రెంచివాళ్ళుండేది అక్కడే కదా. వచ్చినవాడికి తెలుగు ముక్క రాదు, నోరు తెరిస్తే బోంజూరే. పిల్లలు బోంజూరు దొర అనుంటారు, అదే ఇంటిపేరై కూర్చుంది. మూలపురుషుడే ఊరూ పేరూ లేనివాడు! ఆ మహాతల్లి ఏ ఊరని అడిగిందా, ఏ జిల్లా అని అడిగిందా? సత్యవాణికి సిగ్గేసింది, ఆ వెనకే ఎక్కడలేని హుషారూ వచ్చింది. చీర మార్చుకోకుండానే లిఫ్టు వైపు పరిగెత్తింది.

"చిన్నమ్మమ్మా, బట్టలు?"

"నువ్వారేయ్!"

పరంధామయ్య ముందే చెప్పినట్టు లిటిల్ ఇండియాలో ఓ కొట్టు ముందు, ఊళ్ళోవాళ్ళకి పట్టుకెళ్ళడానికి తలనొప్పి తైలం సీసాలు ఏరుతున్నాడు. రైలు దిగి రొప్పుకుంటూ వచ్చిన ఆమెని చూసి కంగారుపడ్డాడు.

"దొరికిందా అండి, మీ ఊరు?"

"లేదండీ. అసలు లేనే లేదు. మా పెద్దాయన ఫ్రాన్సు నుంచి ఓడలో వచ్చాడు. యానాంలో ఓ చేపలావిడ ఇంటికి ఇల్లరికం వెళ్ళాడు. మా వంశానికి మొదలు అదే."

"ఆయ్," అన్నాడు ఆయన, చేతిలో సీసా సంచీలో వేసుకుంటూ.

సత్యవాణి ఊపిరి తీసుకుంది. చుట్టూ జనం. అయినా గొంతు తగ్గించలేదు.

"మీరొస్తారా ఇల్లరికం?"

పరంధామయ్య సంచీలోంచి తైలం సీసాలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ కొట్టువాడి బల్ల మీద పెట్టేశాడు. ఆఖరి సీసా పెట్టాక ఆమె వైపు తిరిగాడు.

"ఆయ్! లిఫ్టులో ఎన్నో నంబరు నొక్కాలండి?"