ఆ శుక్రవారం కాపీ

"ఈ ఫ్యాను ఇవాళే ఆగిపోతుందేమో వదినా," అంది ఆమె, సర్వరు పెట్టె వెనక అరచెయ్యి ఆనించి. జ్వరమొచ్చిన బిడ్డ వీపు తడిమినట్టుంది ఆ తడమడం. "మోత మారింది, విను."

కుర్చీలో కూర్చున్న టెస్టరు వినే ప్రయత్నం కూడా చెయ్యలేదు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆవిడ ఉద్యోగం. రేపటినుంచి దానితో పాటు ఈ గది కూడా ఆవిడ నెత్తినే పడుతోంది.

"పదేళ్ళుగా ఇదే మాట. నువ్వింత దిష్టి పెట్టినా ఆగలేదంటే అదెంత మొండిదో చూడు. ఈ ఒక్కరోజైనా వణకడం మానెయ్యి తల్లీ."

ఆమె మానలేదు. కింద పెట్టిన బ్యాటరీల పెట్టె మీద దీపం పచ్చగానే వెలుగుతోందా అని వంగి చూసింది. ఏసీ నుంచి కారే నీళ్ళ బకెట్టు సగమైనా నిండకముందే పారబోసి వచ్చింది. గుమ్మం బయట విడిచిన చెప్పులు దారికి అడ్డం లేకుండా కాలితో పక్కకు నెట్టింది. మెట్ల కింద, ఒకప్పుడు కాగితాల కట్టలు పడేసిన గది అది. దుమ్ము పడుతుందని ఎవరినీ చెప్పులతో రానిచ్చేది కాదు. నలభై నాలుగేళ్ళకే ఆమె భుజాలు ముందుకు వంగాయి. నుదుటి మీద రెండు నిలువు గీతలు ఎప్పుడూ ఉంటాయి. గోళ్ళన్నీ కొరికి కొరికి అరిగిపోయాయి. ఆఫీసులో అందరూ జాగ్రత్తమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది ఆఫీసు నడిపే పెద్దసారు.

ఆమె చదువు ఇంటర్‌తో ఆగింది. టైపు కొట్టే పనికి వచ్చింది. పదేళ్ళ కింద, మూలపడ్డ ఒక కంప్యూటరును పారేయబోతుంటే, ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ రాతంతా ఒకచోట దాచుకోవడానికి పనికొస్తుందని ఎవరో అన్నారు. ఎవరికీ తీరిక లేదు. ఆమె పుస్తకం ముందు పెట్టుకుని, పంక్తి పంక్తికీ వేలు ఆనించి చదువుతూ నెల రోజుల్లో దాన్ని నిలబెట్టింది. అప్పటినుంచి ముప్పై ఒక్కమంది సాయంత్రమయ్యేసరికి ఆ రోజు రాసిందంతా తెచ్చి దానికి అప్పగిస్తారు. ఎవరు, ఏ పంక్తిని, ఏ నిమిషంలో మార్చారో అది పేరుతో సహా రాసి పెట్టుకుంటుంది. డిస్కు పోతే ఎలా అన్న భయంతో ఆమె రోజూ కాపీ తీసేది. ఆ కాపీ పనికి రాకపోతే ఎలా అన్న భయంతో, వారానికొకసారి దాన్ని ఇంకో పాత కంప్యూటరు మీదికి ఎక్కించి, తిరిగి లేపి చూసేది. లేపి చూడని కాపీని ఆమె లెక్కలోకే తీసుకోదు. పెద్దసారు దాన్ని జాగ్రత్తమ్మ జపం అనేవాడు.

రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం ఆమె సెలవు పెట్టింది. తొమ్మిదేళ్ళ కూతురికి జ్వరం తగ్గక ఆస్పత్రిలో చేర్చారు. మధ్యాహ్నం ఫోను మోగింది. మూడు వారాల పని, అందరిదీ, మాయమైంది. ఆస్పత్రి వరండాలో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ముందు రాత్రి కాపీలోంచి ఒక్కొక్కటే తిరిగి తెచ్చింది. లోపలినుంచి పిల్ల "అమ్మా" అంటే "ఉండు" అంది. మళ్ళీ పిలిస్తే మళ్ళీ "ఉండు" అంది. మూడోసారి పిల్ల పిలవలేదు. ఆ పిలవకపోవడం ఆమె కడుపులో ఇప్పటికీ ముల్లులా ఉంది. పిల్ల కోలుకుంది. ముల్లు పోలేదు.

సోమవారం పెద్దసారు అందరినీ నిలబెట్టి, చూసుకునే మనిషి సరిగ్గా లేకపోతే సర్వరు గతి ఇంతేనన్నాడు. ఆ ఏడు పెరగాల్సిన జీతం పెరగలేదు. ఎవరు ఏం మార్చారో సర్వరు తనలో రాసుకునే పుస్తకాలు ఆమె తిరగేసి చూసింది. అందరి పని మీదికీ తన పాత కాపీని తోసింది పెద్దసారే. కస్టమర్ల ముందు తానింకా ప్రోగ్రాములు రాయగలనని చూపించుకోవడానికి, తన దగ్గరున్న మూడు వారాల పాత కాపీలో రెండు పంక్తులు మార్చి పంపాడు. నీ దగ్గరున్నది పాతదని సర్వరు ఒప్పుకోలేదు. అప్పుడు బలవంతంగా తోశాడు. అలా తోస్తే పైనున్న అందరి పనీ చెరిగి, తోసినవాడిది కూర్చుంటుంది. ఆ అధికారం ఎవరికీ వద్దని ఆమె మొత్తుకుంటే, పట్టుబట్టి ఇప్పించుకున్నది ఆయనే. ఆమె ఆయన గదికి వెళ్ళి, తోసింది ఎవరు సార్ అని ఒక్కమాట అడిగింది. ఆయన ఫోను చూసుకుంటూ ఉండిపోయాడు.

సర్వరు తన పుస్తకాలను తొంభై రోజులకొకసారి చెరిపేసుకుంటుంది. ఆమె ఆ శుక్రవారం సాయంత్రం ఆస్పత్రి నుంచే, ఆ పుస్తకాలతో సహా తీసిన కాపీని మాత్రం చెరగనివ్వలేదు. దాన్ని వారం తప్పకుండా లేపి చూసింది. అన్నం కలుపుతున్నా, బస్సులో నిలబడ్డా అదే ఆలోచన. పోయిన నెల ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళ జాబితాలో తన పేరు చూసినప్పుడు, ఒక్క ఆజ్ఞతో అంతా తుడిచేసి పోదామనిపించింది. వేళ్ళు మీటల దాకా వెళ్ళాయి కూడా. తుడిచేస్తే, చెప్పాను కదా ఆవిడ అంతేనని ఆయన చేతులు దులుపుకుంటాడు. వద్దనుకుంది. అంతా చెక్కుచెదరకుండా ఉండాలి. ఉంటేనే ఆయన దొరుకుతాడు.

నాలుగింటికి పెద్దసారు వచ్చాడు, వెనక నలుగురు టీం లీడర్లు. చెప్పులు విప్పడానికి విసుక్కున్నాడు. అప్పగింత పుస్తకంలో సంతకం పెట్టేముందు, కొత్త మనిషి ఒక కాపీని అందరి ముందూ లేపి చూపించాలన్నది ఆఫీసు నియమం. ఆ నియమం రాయించింది ఆమే.

"ఏదో ఒకటి లేపండమ్మా, మీటింగుంది నాకు," అన్నాడాయన.

"మీరు ఏదైనా పరవాలేదన్నారు కదా సార్," అంది ఆమె. టెస్టరుకు ఆ శుక్రవారం తారీఖు చెప్పింది.

టెస్టరు వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆ తారీఖు ఆ ఆఫీసులో మరిచినవాళ్ళు లేరు. ఆవిడ తల తిప్పి ఆమె కళ్ళలోకి చూసింది, తర్వాత ఆ తారీఖు కొట్టింది. పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ ఆమె గోరు కొరకలేదు.

తెర మీద ఆ రోజు లేచింది. సర్వరు పుస్తకంలో ఒక పంక్తి మీద పన్నెండు గంటల నలభై నిమిషాలు, బలవంతంగా తోసినట్టు గుర్తు, పక్కన పెద్దసారు పేరు. లీడర్లు నలుగురూ ముందుకు వంగారు. వంగినవాళ్ళు వెంటనే లేవలేదు. పెద్దసారు ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

ఆమె అప్పగింత పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. పదేళ్ళలో సర్వరుకొచ్చిన ప్రతి కష్టానికీ అందులో తారీఖు, కారణం ఉన్నాయి. ఆ శుక్రవారం ఎదురుగా మాత్రం గడి ఖాళీ.

"ఈ గడిలో ఏం రాయమంటారు సార్?"

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. తెర వెలగలేదు. అయినా దాన్నే చూస్తున్నాడు.

ఆయన్ని ఇంకెంతసేపు అలా నిలబెట్టినా తనకు చాలదని ఆమెకు తెలిసింది. మెడలోని గుర్తింపు కార్డు తీసి పుస్తకం మీద పెట్టింది. టెస్టరు భుజం తట్టి, "బకెట్టు చూసుకో వదినా, నిండితే తీగల మీదికి వస్తుంది," అంది. గుమ్మం దాటి, గోడ పట్టుకుని ఒక్కో చెప్పూ తొడుక్కుంది. తలుపు అద్దంలోంచి చూస్తే ఆరుగురూ పెట్టిన చోట బొమ్మల్లా ఉన్నారు. ఆమె రెండో చెప్పు పట్టీ బిగించడం పూర్తయ్యేదాకా అలాగే ఉన్నారు.

"నా పేరు రాయండి," అన్నాడు పెద్దసారు చివరికి. "తోసింది నేనే."

టెస్టరు పెన్ను మూత తీసింది. ఖాళీ గడి మీద అడ్డంగా పడి ఉంది ఆమె కార్డు, మెడపట్టీతో సహా. దాన్ని పక్కకు జరపడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు.