పెట్రోల్ ముట్టని కారు

ఆ వారం వరసగా మూడు రోజులు మంచు గడ్డకట్టింది. సావో పాలో రాష్ట్రం లోపలి జిల్లాల్లో అలా ఎప్పుడో గానీ జరగదు. ఇంటి చుట్టూ కనుచూపు మేర ఉన్న చెరుకంతా నిలువునా ఎండి, గాలి తగిలితే పాత కాగితాల్లా గరగరలాడుతోంది. నాలుగోనాడు పొద్దున్నే ఒటాసీలియో తలుపు తీశాడు. గడ్డి మీద తెల్లగా మంచు, ఆ తెలుపు మీద నల్లటి మసి రేకులు.

కోతకి యంత్రాలు వచ్చాక, ఆకు పోవడానికి ముందుగా చెరుకు తగలబెట్టడం మానేశారు. ఆరేళ్ళుగా మసి పడలేదు. ఇప్పుడు పడిందంటే ఎక్కడో అంటుకుందన్నమాట.

"ఇవొనేచీ! లేవవే. మసి పడుతోంది."

"పీడకల వచ్చిందా నీకు?" అంటూనే అతని భార్య దగ్గుతెర ఆపుకోలేక మంచం కోడు పట్టుకుంది. ఆవిడ ఇరవై ఏళ్ళు చెరుకు కొట్టిన మనిషి. కాల్చిన చేలల్లో పొగ తాగీ తాగీ ఊపిరితిత్తులు చివికిపోయాయి. ఇంకొక్కసారి పొగ పట్టిందా, ఆసుపత్రికి తెచ్చినా లాభం ఉండదని డాక్టరమ్మ పోయిన నెలే చెప్పేసింది.

ఫోన్ మోగింది. టౌన్లో ఉండే ఇవొనేచి అన్న జెనేజియో.

"బావా, ఇంకా ఇంట్లోనే ఉన్నావా? కోత మిషన్ దగ్గర నిప్పు లేచిందంట. తారు రోడ్డు మూసేశారు, నన్ను రానివ్వట్లేదు. చెల్లిని కారెక్కించి బయటపడు, తొందరగా!"

ఎక్కించాడు. తాళం తిప్పాడు. కారు గురగురమని మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. అదే మూలుగు. పడమర వైపు ఆకాశం ఇటుక రంగుకి తిరిగింది.

"బుల్లి ట్యాంకులో పెట్రోల్ ఉందిగా?" ఫోన్లోంచి జెనేజియో.

చెరుకు నుంచి తీసిన ఆల్కహాల్‌తో నడిచే పాతకాలపు కారు అది. చలికి ఆల్కహాల్ అంత తేలిగ్గా అంటుకోదు. అందుకే ఇంజిన్ పక్కన ఒక చిన్న ట్యాంకు పెడతారు, అందులో కాస్త పెట్రోల్ ఉంటే ఆ చుక్కతో బండి నిద్రలేస్తుంది. చలికాలం రాకముందే అది నింపుకోవడం అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు.

ఒటాసీలియో ఇంకోసారి తాళం తిప్పి చూశాడు. "అందులోనూ ఆల్కహాలే పోశాను బావా."

"చలికి వణికేవాడికి చన్నీళ్ళు తాగించావా! అబ్బా, నువ్వూ నీ మడీ!"

మడే మరి. ఇరవై ఏళ్ళుగా తన కారుకి పెట్రోల్ వాసన చూపించలేదు. "మన నేలలో పండిందే పోస్తా. నా బండి వదిలిన గాలిని వచ్చే ఏటి చెరుకు పీల్చేసుకుంటుంది. లెక్క సరి" అని బారు దగ్గర ప్రతివాడికీ పాఠం చెప్పేవాడు. "మరి నా చిక్కుడు చేను మింగింది ఎవరు, ఆ చెరుకు కాదూ?" అని ఇవొనేచి ఇంట్లో దెప్పేది.

ఇప్పుడు ఆవిడ కారు దిగి, తూలుతూ వంటింట్లోకి వెళ్ళింది. ఒటాసీలియో లేవగానే కాఫీకని పొయ్యి మీద పెట్టిన నీళ్ళు మరుగుతున్నాయి. గిన్నె గుడ్డతో పట్టుకొచ్చింది.

"ఇంజిన్ మూత ఎత్తు. చూస్తావేం గుడ్లప్పగించి? ఆల్కహాల్ లోపలికెళ్ళే గొట్టం ఏది?"

"అదిగో, అది. నే పోస్తాలే."

"గిన్నె నా చేతిలోనే ఉందిగా. నువ్వెళ్ళి తాళం తిప్పు."

గొట్టం మీద నీళ్ళు పడి గుప్పున ఆవిరి లేచింది. ఒకసారి, రెండోసారి... మూడోసారికి బండి దగ్గి, తుమ్మి, అందుకుంది.

చెరుకు గోడల మధ్య మట్టిబాటలో పోనిచ్చాడు. రెండు మలుపులు తిరిగేసరికి ఎదురుగా బాట కనపడలేదు. పొగ. పొగ వెనక చిటపటలు, వేల వెదురు బొంగులు ఒకేసారి పగులుతున్నట్టు. ఇవొనేచి తడిగుడ్డ ముక్కుకి అదుముకుని, మాట రాక వేలు చూపించింది, ఎడమకి.

"కంపు చేలోకా? దిగబడిపోతామే!"

"తిప్పు..." అంది పీలగా.

మిల్లులో ఆల్కహాల్ తీయగా మిగిలిన గోధుమరంగు నీళ్ళు కోసేసిన ఆ చేలోకి వదులుతారు. నిరుడు అవే వాగులోకి పొర్లితే చేపలన్నీ తెల్లారేసరికి వెల్లకిలా తేలాయి. ఆవిడ మిల్లు గేటు దగ్గరికెళ్ళి శాపనార్థాలు పెట్టి వచ్చింది. అది నేలకి ఎరువేనని ఒటాసీలియో వాళ్ళనే వెనకేసుకొచ్చాడు. ఏదైతేనేం, చుట్టుపక్కల తడిగా ఉన్న నేల అదొక్కటే.

తిప్పాడు. చేను మధ్యకి వెళ్ళేసరికి చక్రాలు సగం దాకా బురదలో కూరుకుపోయాయి. అటూ ఇటూ గట్ల మీద చెరుకు మండుతూ సాగిపోతోంది. అద్దాలు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. మంట మాత్రం తడినేల దాకా వచ్చి, ఆగి, పక్కకి పాకింది.

ఒటాసీలియో ఇంజిన్ ఆపలేదు. గాలి తిరిగితే? మంట ఇటు దూకితే?

"ఆపు" అంది ఇవొనేచి. ఆవిడ పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి.

"ఆపితే మళ్ళీ అంటుకోదే. గొట్టం కూడా చల్లారిపోతుంది."

"పొగ... కిందనించి లోపలికొస్తోంది."

పొగ వదిలే వెనక గొట్టం బురదలో మునిగి ఉంది. తియ్యటి ఆల్కహాల్ వాసన కాళ్ళ దగ్గర్నుంచి పైకి తేలుతోంది. 'ఇది పొగ కాదే' అని అతని నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ళుగా అలవాటైన మాట. ఆవిడ ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

తాళం తిప్పి తీసేశాడు.

ఇంజిన్ చప్పుడు పోయేసరికి బయట మంటల చప్పుడు రెండింతలైంది. అతను భార్య వీపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఊపిరి లోపలికెళ్ళింది. ఆగింది. చాలాసేపు ఆగినట్టనిపించింది. మెల్లిగా, బొంగురుగా, బయటికొచ్చింది.

"ఇంకోటి తియ్యవే" అన్నాడు ఏడుపు గొంతుతో. "ఇంకొక్కటి."

ఆవిడ తీసింది.