మెల్లిగా పిలవాల్సిన పేరు

గోరువెచ్చని ఉప్పునీళ్ళు గొంతులో గరగరలాడించి, తూములోకి ఉమ్మి, బంట్రోతు ఒకసారి ఖంగున గొంతు సవరించి చూసుకున్నాడు. గొంతు బాగానే పలికింది. పెరటి గోడ మీద పడుకున్న పిల్లి ఉలిక్కిపడి అవతలికి దూకింది.

"ఇంకా ఎందుకండీ ఆ పుక్కిలింతలు? ఇప్పుడు మీది గుసగుసల ఉద్యోగమేగా!" అంది వంటింట్లోంచి భార్య.

అతను తువ్వాలుతో మూతి తుడుచుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు.

పొట్టి మనిషి. బక్కపలచటి ఛాతీ, ముందుకు పొడుచుకొచ్చిన కంఠముడి, రెండోసారి చూసినా గుర్తుండని ముఖం. చదువు అంతంతమాత్రం. అన్నదమ్ముల్లో అందరికంటే వెనకబడ్డవాడు. కానీ ఆ బక్క శరీరంలో ఎక్కడ దాక్కుందో, గొంతు మాత్రం ఉంది. పెద్దకోర్టు మెట్ల మీద నిలబడి పేరూ, తండ్రి పేరూ, వీధి పేరూ కలిపి మూడుసార్లు పిలిస్తే, రోడ్డవతల టీకొట్టులో ఉన్న కక్షిదారు గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు. అందరూ 'మైకు' అనేవారు. ఓ జడ్జిగారు బదిలీ అయి వెళ్తూ, "ఈ కోర్టులో నా తీర్పుల కంటే నీ కేకలే ఎక్కువమంది విన్నారయ్యా" అన్నాడు. ఆ మాట అతను కనపడ్డ చుట్టాలందరికీ చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పాడంటే, ఇప్పుడు అల్లుడు అతన్ని చూడగానే తనే ముందు ఆ మాట అనేసి నవ్వుతాడు.

ఉద్యోగం చివరికొచ్చాక పిల్లల కోర్టుకి వేశారు. అక్కడ ఎత్తైన పీఠం లేదు, బోను లేదు. ఒక పొడుగాటి బల్ల, చుట్టూ కుర్చీలు. పోలీసులు కూడా మామూలు బట్టల్లో వస్తారు. మొదటిరోజే మేజిస్ట్రేటమ్మ పిలిచి చెప్పింది.

"ఇక్కడ పేర్లు కేకెయ్యకూడదయ్యా. బెంచీ దగ్గరికెళ్ళి, మెల్లిగా 'రండమ్మా' అని తీసుకురా. పిల్లల పేరు గోడ దాటిందంటే, లోపల మనం ఎంత చేసినా దండగే."

"అట్లాగేనమ్మా" అన్నాడు. అన్నాడే గాని, వంగి 'రండమ్మా' అన్న ప్రతిసారీ హోటల్లో సర్వరునైపోయాననిపించేది. పెద్దకోర్టు పాత స్నేహితులు ఎదురైతే దారి తప్పించుకునేవాడు.

ఆ రోజు పొద్దుటినుంచే వాన. పిల్లల కోర్టున్న ఆ పాత కట్టడంలోనే వరండా రెండో కొసన సర్టిఫికెట్ల కౌంటరు ఉంది. దానికోసం వచ్చిన జనమంతా తడవకుండా వరండాలోకి చేరారు. గొడుగుల నీళ్ళు, తడిబట్టల వాసన, పైన రేకుల మీద వాన హోరు. బంట్రోతు బల్ల తుడిచి, కుర్చీలు సర్ది, మంచినీళ్ళ గ్లాసుల మీద మూతలు పెట్టాడు.

ఆ పూట మొదటిది ఒక ఆడపిల్ల సంగతి. పదమూడేళ్ళుంటాయి. స్నేహితురాలితో పందెం కట్టి, బట్టల కొట్లో ఎవరో కౌంటరు మీద పెట్టిన ఫోను తీసింది. గుమ్మం దాటకముందే దొరికిపోయింది. తండ్రి లేడు. తల్లి నాలుగిళ్ళలో పని చేస్తుంది. ఇంతకుముందు రెండు వాయిదాలకీ తల్లీకూతుళ్ళు అందరికంటే ముందొచ్చి, బెంచీకి ఒక చివర గోడవైపు తిరిగి కూర్చున్నారు.

ఇవాళ బెంచీ మీద లేరు. వానజల్లు కొట్టి బెంచీ అంతా తడిసిపోయింది.

"రాలేదా? చూడు, లేకపోతే మళ్ళీ వాయిదా వెయ్యాలి" అంది లోపల్నించి మేజిస్ట్రేటమ్మ.

బంట్రోతు వరండాలోకి వచ్చాడు. ఎదురుగా జనం గోడ కట్టినట్టు నిలబడ్డారు. దూరుకుంటూ వెళ్ళి వెతకాలి. రెండడుగులు వేశాడు. ఎవరి గొడుగో మోచేతికి తగిలి నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. ఆగిపోయాడు. పైన వాన. ఊపిరి పీల్చాడు.

పిల్ల పేరు, తండ్రి పేరు, వీధి పేరు.

వాన హోరును చీల్చుకుంటూ వెళ్ళింది కేక. మొదటిసారికే వరండా అంతా మాట్లాడ్డం ఆపేసింది. తలలన్నీ అతనివైపు తిరిగాయి. ఎన్నాళ్ళకో ఛాతీ నిండింది. రెండోసారి పిలిచాడు. మూడోసారి చివరి అక్షరాన్ని పాతరోజుల్లోలాగా సాగదీశాడు కూడా.

చివరి స్తంభం వెనక నుంచి తల్లి బయటికొచ్చింది. కూతురు ముఖాన్ని తన పక్కకి అదుముకుని నడిపించుకొస్తోంది. జనం పక్కకి జరిగి దారిచ్చారు. అంత మంచి దారి వాళ్ళకి ఎప్పుడూ ఎవరూ ఇచ్చి ఉండరు.

"అయ్యో, మన వీధి పిల్లే!" అంది పువ్వుల గొడుగు పట్టుకున్న ఒకావిడ. "జ్వరమొచ్చి బడికి వెళ్ళట్లేదని కదూ చెప్పింది వాళ్ళమ్మ?"

బంట్రోతు గబగబా తలుపు తీసి పట్టుకున్నాడు.

లోపల పని పది నిమిషాల్లో అయిపోయింది. మేజిస్ట్రేటమ్మ పిల్లను తన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టుకుంది. కేక ఆమెకీ వినపడే ఉంటుంది. ఒకసారి తలెత్తి గుమ్మంవైపు చూసింది. ఆ తర్వాత పిల్లవైపు తిరిగింది.

"తప్పు చేశావు, తెలుసుకున్నావు. అయిపోయింది. ఇది ఈ గది దాటి ఎక్కడికీ పోదు. రేపట్నుంచి హాయిగా బడికి వెళ్ళు, సరేనా?"

పిల్ల మెల్లిగా మెడ తిప్పి, గుమ్మం దగ్గర నిలబడ్డ బంట్రోతును చూసింది. అతను చూపు తిప్పుకుని, వేసే ఉన్న తలుపు గడియను మళ్ళీ సర్దాడు.

బయటికి వెళ్తుంటే వాళ్ళ వెంట నాలుగడుగులు నడిచాడు.

"వాన కదమ్మా... వినపడదేమోనని..."

"మీ పని మీరు చేశారు బాబాయ్" అంది తల్లి. ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది.

పిల్ల ఆగింది. "మొదటిసారే వినపడింది తాతా. వస్తూనే ఉన్నాం" అంది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. మిగిలినవాళ్ళను పిలవడానికి బెంచీ దాకా వెళ్ళి, వంగి, పెదాలు కదిపాడంతే. "ఏంటండీ?" అని వాళ్ళే మళ్ళీ అడగాల్సి వచ్చింది. వినపడదేమోనని పిలిచానన్నది అబద్ధం. అది అతనికి తెలుసు. మొదటి కేకకే స్తంభం వెనక కదలిక చూశాడు. చూసి కూడా మిగతా రెండూ పిలిచాడు. అందరూ తనవైపు తిరిగారని పిలిచాడు. ఆ సంగతి మనసులో మెదిలినప్పుడల్లా చెవులు వేడెక్కుతున్నాయి.

సాయంత్రం వాన వెలిసింది. భార్యకి బీపీ మాత్రలు కొనాలని తనకి తను చెప్పుకుని, మందుల షాపు లేని వైపు నడిచాడు. ఆ వీధి అడగకుండానే దొరికింది. పొద్దున నోరారా పిలిచిన వీధే. మలుపులో కిరాణా కొట్టు ముందు పువ్వుల గొడుగు ఆవిడ చుట్టూ ముగ్గురు నలుగురు చేరి ఉన్నారు. అతను తల వంచుకుని దాటిపోయాడు.

వీధి చివర ఒంటిగది ఇల్లు. తలుపుకి తాళం. పక్కవాటా ముసలామె గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది.

"ఈ ఇంట్లోవాళ్ళు..." అన్నాడు.

"ఏంటి నాయనా? కాస్త గట్టిగా మాట్లాడు."

మళ్ళీ అడిగాడు. రెండోసారీ గుసగుసగానే వచ్చింది గాని, ఆమెకి అర్థమైంది.

"ఇందాకే బస్సుకెళ్ళారు. పిల్లని వాళ్ళ పెద్దమ్మ దగ్గర వదిలేసి వస్తుందట. ఇక్కడ బడికి వెళ్ళనని ఒకటే ఏడుపు. మళ్ళీ వెళ్తానని నిన్నంతా గంతులేసిందే!" చేట పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది. "మీరెవరు? చుట్టాలా?"

బంట్రోతు తల అడ్డంగా ఊపాడు. ఎవరో చెప్పడానికి నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు.

ముసలామె లోపలికి వెళ్ళిపోయింది. అతను అలాగే నిలబడ్డాడు. ఎదురుగా కిటికీ అరుగు మీద, చువ్వలకి ఆనించి, లేసులు విప్పి, ఉతికి సుద్ద పూసి ఆరబెట్టిన బడి బూట్ల జత ఒకటి ఉంది. వానకి పూత కరిగి, గోడ మీదుగా కిందిదాకా తెల్లటి చార దిగింది.